ఫయాన్స్ ఉంగరం: అపోహలు, వాస్తవాలు

సెరామిక్స్ నా పని. ప్రాచీన ఈజిప్టు పద్ధతిలో ఫయాన్స్ పూసలు, ఉంగరాలు కూడా చేస్తుంటాను. ఫయాన్స్ అంటే పైన గాజుపొరతో మెరిసే ఒక రకం సెరామిక్, ఎక్కువగా నీలి రంగులో ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువగా అనే మాటలివి.

అపోహ: మట్టితో చేసి పైన నీలం రంగు పూశారు.

వాస్తవం: అసలు సరుకు పలుగురాళ్ల పొడి. అందులో కొంచెం సున్నం, నాట్రాన్ అనే లవణం లేదా మొక్కల బూడిద, రంగుకు రాగి కలుపుతారు. ఈ ముద్ద బంకమన్నులా చేతికి లొంగదు, వంచితే పగులుతుంది. అందుకే అచ్చులో నొక్కుతాం.

మరి ఆ మెరుపు? పాత గోడకు చౌడు పూయడం చూసే ఉంటారు. ఇదీ అంతే. ముద్ద ఆరేకొద్దీ లవణాలు తడితో పాటు పైకి వచ్చి తెల్లటి నూగులా పేరుకుంటాయి. బట్టీలో 800 నుంచి 1000 డిగ్రీల వేడికి ఆ నూగే కరిగి గాజుపొర అవుతుంది. ఒకసారి ఆరుతున్న ఉంగరాన్ని తొందరపడి చేత్తో తీశాను. కాల్చాక చూస్తే బొటనవేలు తగిలినంత మేర గరుకుగా, వెలిసిపోయి ఉంది. ఇదొక్కటే పద్ధతి కాదు: ఈజిప్టువాళ్లు విడిగా పూత పూసేవారు, లవణాల పొడిలో పూడ్చి కూడా కాల్చేవారు. ఇరాన్‌లోని ఖోమ్‌లో గాడిదల మెడకు కట్టే నీలి పూసలను 1960లలోనూ ఇలా పూడ్చే కాల్చారు.

అపోహ: ఫిరోజా రాయి కొనలేని పేదల నకిలీ నగ.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. రంగు ఆ రాళ్లదే, నిజమే. కానీ ప్రాచీన ఈజిప్టువాళ్లు దీన్ని పిలిచిన పేరు త్జెహ్నెత్, అంటే మెరిసేది. ఈజిప్టులోని సక్కారాలో జోసెర్ రాజు మెట్ల పిరమిడ్ కింది గదులకు 36 వేల దాకా ఫయాన్స్ పలకలు తాపారు. టుటంఖామున్ రాజు సమాధిలోనూ ఫయాన్స్ ఉంది. సామాన్యులూ పెట్టుకున్నారు: ప్రాచీన ఈజిప్టు నగరం అమర్నాలో 1891-92లో పురావస్తు శాస్త్రవేత్త పెట్రీ తవ్వితే ఫయాన్స్ నొక్కే మట్టి అచ్చులు వేలల్లో దొరికాయి. ఉంగరం ముఖాన్ని అచ్చులో నొక్కి, చుట్టును వేరేగా చేసి, పలుచని ముద్దతో అతికించేవారు. వెనక్కి తిప్పి చూస్తే కొన్నింట ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అపోహ: అంతా నీలమే.

వాస్తవం: టుటంఖామున్ పుట్టిన 18వ రాజవంశం నాటికి పసుపు, ఎరుపు, తెలుపు, ఊదా కూడా ఉన్నాయి.

అపోహ: గాజుపొరే కదా, నీళ్లలో కడగొచ్చు.

వాస్తవం: దయచేసి వద్దు. లోపలిదంతా సన్న రంధ్రాల గుల్ల. తవ్వి తీసిన పాత వస్తువైతే సమాధి నేలలోని ఉప్పు అందులోకి ఇంకి ఉంటుంది. నీళ్లు తగిలితే అది కరుగుతుంది, ఆరేటప్పుడు మళ్లీ పైకొచ్చి గడ్డకట్టి, పొరను పెచ్చులుగా లేపేస్తుంది. దుమ్ము పడితే మెత్తటి పొడి కుంచెతో దులపండి, చాలు.