కొండదారి బండికి బోల్టుల బిగువు: పిల్లలకు ఉత్తరం

సెమిలిగుడ

చిరంజీవులైన పిల్లలకి,

మీ మామయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం.

వానలు తగ్గాక జీపు వేసుకుని దేవమాలి ఎక్కుతామని కబురు పెట్టారు. సంతోషం. ఒడిశా మొత్తానికి ఎత్తైన కొండ, 1,672 మీటర్లు. తప్పకుండా చూడాలి. కొత్త టైర్లు, పెద్ద లైట్లు వేయించామని చెప్పారు గానీ, కిందకి వంగి స్టీరింగ్ బోల్టులు, కమాన్ కట్టల (ఇరుసు దగ్గర బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగుల) బోల్టులు చూశామని ఒక్కరూ అనలేదు. అందుకే ఈ ఉత్తరం. మీకే కాదు, మన కోరాపుట్ కొండల్లో బండి తోలే వయసుకొస్తున్న పిల్లలందరికీ చదివి వినిపించండి.

ముందు బోల్టు ఏం చేస్తుందో తెలియాలి. నట్టు బిగించేకొద్దీ బోల్టు సాగుతుంది. కంటికి ఆనదు గానీ సాగుతుంది. సాగిన ఇనుము మళ్ళీ ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడుకి రెండు ముక్కలూ ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుంటాయి. వాటి మధ్య పుట్టే రాపిడే అవి జరగకుండా ఆపుతుంది. ఎంత లాగితే అంత సాగుతుందని హుక్ 1678లో అచ్చువేసిన సూత్రం మీరు బళ్ళో స్ప్రింగు మీద చదివారు కదా, బోల్టుకీ అదే.

బిగువు తగ్గితే ఆ రాపిడి చాలదు. ముక్కలు పక్కకి రవ్వంత జారతాయి. జారిన ప్రతిసారీ నట్టు ఇంకాస్త వదులవుతుంది. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు 1969లో ఇదే చూపించాడు: బోల్టు పొడవునా వచ్చే అదురు కన్నా, అడ్డంగా వచ్చే జారుడే నట్టుని ఎక్కువగా విప్పుతుంది. కుందులి సంతకి అల్లం బస్తాలూ మనుషులూ ఎక్కిన జీపు రాళ్ళ దారిలో దిగేటప్పుడు గమనించండి. ముందు చక్రానికి తగిలే ప్రతి రాయీ పక్కకి తంతుంది. ఆ దెబ్బ రెండు ముందు చక్రాలనీ కలిపే టై రాడ్ మీదుగా, స్టీరింగు వైపు నుంచి చక్రాలని లాగే డ్రాగ్ లింకు మీదుగా, దాన్ని ఊపే డ్రాప్ ఆర్ముకి, స్టీరింగ్ బాక్సుకి, ఆ బాక్సుని ఛాసీకి (బండి అడుగు చట్రానికి) పట్టి ఉంచిన బోల్టులకి చేరుతుంది. తారు రోడ్డు మీద ఏళ్ళ తరబడి ఊరుకున్న నట్టు ఇక్కడ కొద్ది రోజుల్లోనే కదలొచ్చు. కదిలాక కన్నం కోలగా అరుగుతుంది. అప్పుడు ఎంత బిగించినా ఆ వదులు కదలిక పోదు, ఆ బ్రాకెట్టే మార్చాలి. ఈలోపు అటూ ఇటూ వంగి వంగి బోల్టు విరిగిందా, సుంకి ఘాట్ రోడ్డు మలుపులో స్టీరింగు తిప్పినా చక్రం తిరగదు. నాకున్న భయమంతా అదే.

స్ప్రింగ్ వాషరు వేశాం కదా అని ధీమా పడకండి. బిగించాక అది చదునై మామూలు వాషరులాగే ఉంటుంది.

ఇప్పుడు చూసే పద్ధతి చెప్తాను. బండి చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి రాళ్ళు పెట్టండి. బరువు చక్రాల మీదే ఉండాలి, జాకీ ఎత్తొద్దు. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగుని కుడికీ ఎడమకీ కొంచెం కొంచెంగా ఊపాలి. ఇంకొకరు ముందు చక్రం పక్కన పడుకుని ఒక్కో కీలు మీదా వేలు పెట్టాలి, సగం ఈ ముక్క మీద, సగం ఆ ముక్క మీద. రెండూ కలిసి కదిలితే మంచిదే. ఒకటి ముందు కదిలి, రెండోది ఆలస్యంగా కదిలితే వేలికి చిన్న టక్కు తెలుస్తుంది. కంటికి దొరకనిది వేలికి దొరుకుతుంది. ఆ తర్వాత టార్చి వేసి వాషర్ల చుట్టూ చూడండి. బురద ఎండిన చోట, నట్టు కింద నుంచి ఎర్రటి పొడి చారలా దిగిందంటే అక్కడ లోహం లోహాన్ని రాస్తోందని అర్థం. బురద కడగకుండా చూస్తే ఇవేవీ కనపడవు, కాబట్టి కడిగి ఆరబెట్టాకే చూడాలి.

మీది కమాన్ కట్టల బండి. ఇరుసుని కట్టకి పట్టి ఉంచేవి యూ బోల్టులు. అవి వదులైతే ఇరుసు దెబ్బలన్నీ మధ్యనున్న సెంటర్ బోల్టు మీద పడతాయి. దాని పని ఇరుసుని సరైన చోట కూర్చోబెట్టడం వరకే, అంత దెబ్బకి అది తెగుతుంది. తెగితే ఇరుసు ఒక పక్కకి జరిగి బండి వంకరగా నడుస్తుంది. యూ బోల్టుల నాలుగు నట్లనీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. కట్టలు విప్పి కట్టించాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి మళ్ళీ బిగించాలి. పట్టీలు సర్దుకునేసరికి బిగువు దిగుతుంది. విప్పిన పాత యూ బోల్టులు మళ్ళీ వేయనివ్వకండి.

కట్టల చివరని ఛాసీకి వేలాడదీసే షాకిల్ బోల్టుల సంగతి వేరు. రబ్బరు బుష్షులు (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు) ఉన్న చోట చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువు మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కిందకి దించగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. కొత్త బళ్ళలో కంట్రోల్ ఆర్ముల (చక్రాన్ని ఛాసీకి కలిపే చేతుల) రబ్బరు బుష్షులకీ ఇదే పద్ధతి.

టై రాడ్ ఎండుకి గాడుల నట్టు, అది తిరగకుండా కన్నంలో దూర్చి వంచే స్ప్లిట్ పిన్ను ఉంటాయి. బిగించాక పిన్ను కన్నం కలవకపోతే నట్టుని ముందుకే తిప్పి కలపండి. పిన్ను కోసం వెనక్కి వదులు చేయడం పెద్ద తప్పు. పాత పిన్ను పారేసి కొత్తది వేయండి.

ఇంత చెప్పానని బలమంతా పెట్టి బిగించకండి. గ్యారేజీల్లో గాలి గన్నుతో స్టీరింగ్ నట్లు టకటకా కొట్టేసి అదే ఆఖరి బిగింపు అనడం నాకు ససేమిరా నచ్చదు. బోల్టు తల మీద 8.8 అని ఉంటే, తెగే బలం చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్లు, అందులో 80 శాతం దాటితే సాగి మళ్ళీ వెనక్కి రాదని అర్థం. అలా సాగిపోయిన బోల్టుని ఇక నమ్మలేం. తెగిన బోల్టు బదులు ఊళ్ళో దొరికిన గుర్తు లేని బోల్టు వేయించొద్దు, అదే గ్రేడు అడగండి. బండి పుస్తకంలో ప్రతి బోల్టుకీ ఎంత టార్క్ (తిప్పే బలం) అని రాసి ఉంటుంది, ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచితో అంతే బిగించండి. మీటరు పొడవు రాడ్డు చివర పది కిలోల బరువు వేలాడదీస్తే సుమారు 100 న్యూటన్ మీటర్లు. మనం పెట్టే బలంలో దాదాపు తొంభై శాతం మరల్లోనూ నట్టు కిందా రాపిడికే పోతుంది, సాగదీయడానికి మిగిలేది పది శాతమే. అందుకని పుస్తకం చెప్పకుండా మరలకి నూనె రాస్తే, అదే అంకె దగ్గర బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది.

మన సునాబెడ హెచ్‌ఏఎల్‌ విమాన కర్మాగారంలో 1964 నుంచి విమానాల ఇంజన్ల పని జరుగుతోంది. విమానాల పనిలో బోల్టు బిగించాక కదలకుండా లాక్ వైరు కడతారు, చాలాచోట్ల రంగు గీత కూడా గీస్తారు. వైరు మనకి అక్కర్లేదు గానీ గీత మాత్రం గీయండి. సరిగ్గా బిగించిన నట్టు మీద నుంచి బోల్టు మీదుగా బ్రాకెట్టు దాకా తెల్ల రంగుతో ఒకే గీత. అక్క గోళ్ళ రంగైనా సరే. పొద్దున్న బయల్దేరే ముందు టార్చి వేస్తే చాలు, విరిగిన గీత ఇట్టే కనపడుతుంది. అలా కనపడితే ఊరికే బిగించి వెళ్ళిపోకండి. విప్పి, మరలూ కన్నమూ చూసి, లోపల నైలాన్ రింగున్న నట్టయితే కొత్తది వేసి అప్పుడు బిగించండి.

నా టార్క్ రెంచి ఇస్తాను, వచ్చి పట్టుకెళ్ళండి. వాడాక దాని అంకెని అన్నిటికన్నా తక్కువకి తిప్పి పెట్టెలో పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలిసి తప్పు చూపిస్తుంది. నట్లు విప్పడానికి మాత్రం దాన్ని వాడొద్దు, పానా వాడండి. దేవమాలి నుంచి దిగాక గీతలన్నీ మరోసారి చూసి, ఏది కదిలిందో ఏ పక్కదో నాకు రాయండి.

ఇట్లు,
మీ మామయ్య