ఓడలో బంతిభోజనం

చిట్టితల్లీ, బుజ్జినాన్నా,

సెలవుల్లో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవులో విహారయాత్ర (క్రూజ్) ఓడ ఎక్కుతున్నారని విని సంతోషించాను. చిట్టి ఫోన్లో అడిగిన ప్రశ్న అప్పట్నుంచీ నా బుర్రలో తిరుగుతోంది. "టికెట్‌లోనే తిండి ఉంది కదా తాతయ్యా, మళ్ళీ డబ్బు కట్టి, మాంసం కాల్చి పెట్టే ఆ స్టేక్‌హౌస్ రెస్టారెంట్‌కి ఎందుకెళ్ళాలి?" మంచి ప్రశ్న. నాన్న బుకింగ్ చేసేలోపే జవాబు రాస్తున్నాను.

ఓడని పెళ్ళివారిల్లు అనుకోండి. మెయిన్ డైనింగ్ రూమ్ అంటే పందిట్లో బంతి. వేలమంది ఒకేసారి కూర్చోలేరు కాబట్టి ఆరింటి ప్రాంతంలో మొదటి బంతి, ఎనిమిది ప్రాంతంలో రెండోది.

నా చిన్నప్పుడు కోనసీమలో పెళ్ళంటే పెరట్లో గాడిపొయ్యి తవ్వేవారు. అందరూ మేళం దగ్గరికి పరిగెడితే నేను పొయ్యి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. పొగకి కళ్ళు మండుతున్నా కదిలేవాణ్ణి కాదు. వార్చిన అన్నం చాపల మీద కొండలా పోసేవారు. గుండిగలో పులుసు తెర్లుతుంటే వంటాయన వాసన చూసే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేవాడు. ఆ ముద్దపప్పు, పులిహోర, గుమ్మడికాయ పులుసు ఇంట్లో నలుగురికి వండితే ఆ రుచి రాదు. పెద్ద గిన్నెలో పడితేనే వాటికి అందం.

కానీ ఐదొందల మంది బంతికి పెసరట్టు వెయ్యమంటే? చివరి ఆకులో పడేసరికి మొదటి ఆకులోది చల్లారి తోలైపోతుంది. అందుకే పెసరట్లు మగపెళ్ళివారి విడిదింట్లో, చిన్న పొయ్యి మీద, తినేవాళ్ళ ఎదురుగా వేసేవారు. ఓడలో స్పెషాల్టీ రెస్టారెంట్ ఆ విడిదిల్లే. తక్కువ కుర్చీలు, విడిగా వంటవాళ్ళు, అడిగాక వండే పద్ధతి. మీరు అదనంగా కట్టేది ముఖ్యంగా దానికే.

ఇదేం కొత్త సంగతి కాదు. 1905లో 'అమెరికా' అనే జర్మన్ ఓడలోనే ఇలాంటి రెస్టారెంట్ పెట్టారు. టైటానిక్‌లో మొదటి తరగతి భోజనశాలలో ఐదొందల పైచిలుకు మంది కలిసి కూర్చోగలిగేవారు, ఆ తిండి టికెట్‌లోనే. అయినా పైన బి డెక్ అనే అంతస్తులో గాటి అనే ఇటలీ ఆయన నడిపిన చిన్న రెస్టారెంట్‌కి డబ్బిచ్చి వెళ్ళేవాళ్ళుండేవారు. 1912 ఏప్రిల్ 14 రాత్రి కెప్టెన్ స్మిత్‌కి ఒక కుటుంబం విందు ఇచ్చింది అక్కడే. కొన్ని గంటలకే ఓడ మునిగింది. గాటి, ఆయన మనుషులు దాదాపు అందరూ పోయారు. వడ్డించిన ఆ చేతుల్ని తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక మీ సంగతి. వారం ప్రయాణంలో ఒక్క రాత్రి విడిదింటికి వెళ్ళండి, చాలు. మిగతా రాత్రులు బంతిలోనే కూర్చోండి. పొయ్యి మీంచి దిగగానే తినాల్సినవి, అంటే నాన్నకిష్టమైన స్టేక్, వేడివేడి పాస్తా, వీటికోసమైతే డబ్బు దండగ కాదు. సూపులకీ, రొట్టెలకీ, కేకులకీ మాత్రం అక్కర్లేదు, అవి బంతిలోనే బాగుంటాయి. అందరూ ముస్తాబయ్యే ఫార్మల్ నైట్‌న బయటికి వెళ్ళొద్దు. చాలా ఓడల్లో లాబ్‌స్టర్ వడ్డించేది ఆ రాత్రే. ఓడ ఎక్కిన మొదటి రోజు రెస్టారెంట్లలో తగ్గింపు ఉందేమో నాన్నని అడగమనండి. మెయిన్ డైనింగ్‌లో రోజూ ఒకే వేళకి, ఒకే టేబుల్ తీసుకుంటే ప్రతి రాత్రీ ఒకే మనిషి వడ్డిస్తాడు. మూడో రోజుకల్లా బుజ్జి కారం తినడని ఆయనకి తెలిసిపోతుంది. ఇది ఏ డబ్బూ కొనలేనిది. ఆయన పేరు తెలుసుకుని, పేరుతోనే పిలవండి. ఇంటికి దూరంగా నెలల తరబడి ఉండే మనుషులమ్మా వాళ్ళు.

అమ్మ శాకాహారం గురించి టెన్షన్ పడక్కర్లేదు. పెద్ద ఓడల్లో వంటవాళ్ళలో, వడ్డించేవాళ్ళలో మనవాళ్ళు చాలామందే ఉంటారు. ముందురోజు రాత్రే హెడ్ వెయిటర్‌తో చెబితే పప్పో, కూరో విడిగా చేయించి పెట్టే ఓడలు చాలా ఉన్నాయి. అప్పటికప్పుడు అడిగితే మాత్రం కష్టం.

నా పోలిక ఒక్కచోట కుదరదు. నడిసముద్రంలో నిప్పంటే భయం కాబట్టి, ఓడలో గాడిపొయ్యిలాంటి మంట పెట్టరు, వంట చాలావరకు కరెంటు మీదే. మంట లేకుండా, ఊగే నేల మీద, అన్ని వేల కంచాలు వేళ తప్పకుండా ఎలా నింపుతారో నాకైతే ఆశ్చర్యమే! దాన్ని నేను వివరించలేను. గ్యాలీ టూర్, అంటే ఓడ వంటగది చూపించే ఏర్పాటు, ఉందేమో ఓడ ఎక్కగానే కనుక్కోండి. కొన్నిచోట్ల ఊరికే చూపిస్తారు, కొన్నిచోట్ల డబ్బు తీసుకుంటారు. స్టేక్‌హౌస్ మానేసైనా సరే, అది చూడండి. ఎంత పెద్ద గిన్నెలో సూపు కాస్తున్నారో, దాన్ని ఎలా వంచుతున్నారో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య