1938లో చట్టం వదిలేసినవాళ్లు: అమెరికాలో హిస్పానిక్ మహిళల కూలి వెనుక కథ

వృద్ధులకు, వికలాంగులకు వారి ఇళ్లలోనే సేవ చేసే కార్మికులకు 2013లో కల్పించిన కనీస వేతన, ఓవర్‌టైమ్ రక్షణను వెనక్కి తీసుకుంటామని అమెరికా కార్మిక శాఖ 2025 జూలైలో ప్రతిపాదించింది. ఆ పనిలో ఉన్నవారిలో అత్యధికులు స్త్రీలే. నల్లజాతి స్త్రీలతో పాటు హిస్పానిక్ స్త్రీల, అంటే మెక్సికో వంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారి సంఖ్యా ఎక్కువే. దాంతో హిస్పానిక్ మహిళల సంపాదన ఎందుకింత తక్కువన్న పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. ఏడాది పొడవునా పూర్తికాలం పనిచేసే శ్వేతజాతి పురుషుడికి ఒక డాలరు వస్తే, అలాగే పనిచేసే హిస్పానిక్ మహిళకు సుమారు 58 సెంట్లే వస్తున్నాయి.

మెక్సికో వలసల చరిత్ర, 1963 నాటి సమాన వేతన చట్టం చాలామందికి తెలిసినవే. నేటి వివాదపు వేరు మాత్రం 1938లో, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉంది.

పీకాన్ అక్రోటు జాతి గింజ. పెంకు పగలగొట్టి లోపలి పప్పును విరగకుండా తీయాలి. శాన్ ఆంటోనియో పడమటి పేటల్లో ఈ పని చేసేవారు సుమారు 12,000 మంది. వారిలో అత్యధికులు మెక్సికన్ మూలాలున్న స్త్రీలు. గాలి ఆడని షెడ్లలో బల్లల చుట్టూ ఇరుక్కుని కూర్చునేవారు. గింజల నుంచి లేచే సన్నని గోధుమరంగు దుమ్ము గదంతా కమ్ముకునేది. చాలాచోట్ల మరుగుదొడ్డి గానీ చేతులు కడుక్కునే వసతి గానీ లేదు. ఆ నగరంలో క్షయ మరణాల రేటు దేశ సగటుకు రెండింతలకు పైగా ఉండేది. ఇంత చేస్తే వారానికి రెండు మూడు డాలర్లు. యంత్రాలు అప్పటికే ఉన్నాయి. కానీ మనుషుల చేతులు అంతకంటే చౌక అని పెద్ద కంపెనీ వాటిని పక్కనపెట్టింది. వాళ్ల శ్రమకు ఎంత తక్కువ విలువ కట్టారో చెప్పడానికి, నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో దీన్ని మించిన సాక్ష్యం లేదు.

1938 జనవరి 31న, పౌను పప్పుకు ఇచ్చే ఆరేడు సెంట్లలో ఒక సెంటు కోశారని వాళ్లు పని మానేశారు. ముందు నిలిచిన ఎమ్మా టెనాయుకాకు అప్పటికి 21 ఏళ్లు. పోలీసులు బాష్పవాయువు వదిలారు, వందలమందిని జైళ్లలో కుక్కారు. 37 రోజులకు వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్లింది. ఆ ఏడాది జూన్‌లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ న్యాయమైన శ్రమ ప్రమాణాల చట్టం (ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్)పై సంతకం చేశారు. అక్టోబరు నుంచి గంటకు 25 సెంట్ల కనీస కూలి అమల్లోకి వచ్చింది. పీకాన్ వ్యాపారులు మినహాయింపు అడిగారు, దక్కలేదు. అప్పుడు మూలనపడ్డ యంత్రాలు గుర్తొచ్చాయి. మూడేళ్లలో సుమారు 10,000 మంది పని పోయింది.

వాళ్లకు మిగిలిన దారులు చాలా తక్కువ: ఎక్కువగా పొలం పని, ఇంటి పని. కూలికి కనీస హద్దు గీసిన అదే చట్టం ఆ రెండింటినీ బయటే ఉంచింది. పొలం కూలీలను పేరుపెట్టి మినహాయించింది. రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యానికి సంబంధించిన పనులకే అది వర్తించేది కాబట్టి, ఇళ్లలో పనిచేసేవారు దాని పరిధిలోకే రాలేదు. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లోని దక్షిణాది రాష్ట్రాల సభ్యుల మద్దతు లేనిదే బిల్లు గట్టెక్కదు. తమ తోటల్లో, వంటిళ్లలో పనిచేసే నల్లజాతి కూలీలకు హక్కులు రావడం వారికి ఇష్టం లేదు. ఆ దెబ్బ నైరుతి రాష్ట్రాల మెక్సికన్ స్త్రీలకూ తగిలింది. 1963 సమాన వేతన చట్టాన్ని కూడా ఈ చట్టానికి సవరణగానే తెచ్చారు కాబట్టి, 1938లో బయట ఉన్నవాళ్లు అప్పుడూ బయటే ఉండిపోయారు.

పెద్ద పొలాల కూలీలకు 1966లో, ఇంటి పనివారికి 1974లో కనీస వేతనం దక్కింది. 1974 సవరణలోనే ఒక సందు ఉంచారు: వృద్ధులకు తోడుగా ఉండేవారికి వర్తించదన్నారు. అప్పుడప్పుడూ వచ్చి కాసేపు కూర్చుని వెళ్లే పొరుగువారి కోసం ఉద్దేశించిన ఆ సందులోంచి, తర్వాతి దశాబ్దాల్లో ఏజెన్సీల కింద వృత్తిగా సేవ చేసే లక్షలమందిని నెట్టేశారు. స్నానం చేయించడం, పక్క మార్చడం, మందులు గుర్తుచేయడం, రాత్రంతా మేలుకొని ఉండటం, అన్నీ తోడుండటం కిందే జమయ్యాయి. జమైకా నుంచి వచ్చి ఇలాంటి సేవే చేసిన ఎవెలిన్ కోక్ దీన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లారు. 2007లో కోర్టు ఏకగ్రీవంగా ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 2013లో ఒబామా ప్రభుత్వం నిబంధన మార్చి దాదాపు 20 లక్షల మందికి రక్షణ ఇచ్చింది. అది 2015లో అమలైంది. ఇప్పుడు కత్తి వేలాడుతున్నది దానిపైనే.

సేవ ఖరీదు పెరిగితే కుటుంబాలు భరించలేవన్నది కార్మిక శాఖ, ఏజెన్సీల వాదన. చదువు, ఇంగ్లీషు, వయసు, ఎంచుకునే వృత్తుల వల్లే ఈ తేడా అనే ఆర్థికవేత్తలూ ఉన్నారు. ఆ కారణాలు కొంతవరకు నిజమే. కానీ డిగ్రీ ఉన్న హిస్పానిక్ మహిళ కూడా డిగ్రీ ఉన్న శ్వేతజాతి పురుషుడి కంటే బాగా తక్కువే సంపాదిస్తోంది. ఇక వృత్తుల మాటకొస్తే, కొన్ని పనులు ఎప్పటికీ చౌకగా ఉండటానికి చట్టమే దారి వేసింది కదా. 2020 ఏప్రిల్‌లో కరోనా వేళ హిస్పానిక్ మహిళల్లో నిరుద్యోగం 20 శాతానికి చేరింది. హోటళ్లు, ఇళ్ల శుభ్రత వంటి పనులే ముందు ఆగిపోయాయి.

పొలం కూలీలకు, యజమాని ఇంట్లోనే ఉండి పనిచేసేవారికి ఫెడరల్ (కేంద్ర) చట్టం కింద ఓవర్‌టైమ్ హక్కు నేటికీ లేదు. న్యూయార్క్, కాలిఫోర్నియా సొంత చట్టాలతో ఆ లోటును కొంత పూడ్చుకున్నాయి. టెక్సస్ ఆ పని చేయలేదు. అక్కడ ఇళ్లలో వృద్ధులకు సేవ చేసే మహిళకు ప్రధాన ఆధారం ఫెడరల్ ప్రభుత్వం నిర్ణయించిన గంటకు 7.25 డాలర్ల కనీస వేతనం. 2009 నుంచి అది ఒక్క సెంటు కూడా పెరగలేదు. కొత్త ప్రతిపాదన అమలైతే ఆ 7.25 డాలర్లు ఇవ్వాల్సిన బాధ్యత కూడా ఫెడరల్ చట్టం కింద ఆమె యజమానికి ఉండదు.