ట్రాన్స్‌మిషన్ పోయింది అనేముందు: పాత మోటర్‌హోమ్‌లపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు కొందరు 90ల నాటి మోటర్‌హోమ్‌లు (ఇల్లులా వాడుకునే పెద్ద బళ్లు) కొంటున్నారు. ధర చూసి మురిసిపోతారు, మొదటి ఎత్తు ఎక్కేటప్పుడు టెన్షన్ మొదలవుతుంది. మెకానిక్‌నైన నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఫోర్డ్ ఎఫ్53 ఛాసీ (బండి అడుగు చట్రం) బళ్లు. వాటిలో 7.5 లీటర్ల వీ8 పెట్రోల్ ఇంజిన్, ఈ4ఓడీ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉంటాయి. ఇంకా పాతవైతే జీఎం పీ30 ఛాసీ, మూడు గేర్ల టర్బో హైడ్రామాటిక్ 400. రెండూ గట్టి గేర్‌బాక్సులే (ట్రాన్స్‌మిషన్ అన్నా అదే). వాటి గురించి నలుగురూ చెప్పే మాటల్లోనే చాలా పొల్లు ఉంది.

అపోహ: గేర్లు సరిగా పడటం లేదంటే ట్రాన్స్‌మిషన్ పోయినట్టే.

ఈ4ఓడీలో గేరు ఎప్పుడు మారాలో నిర్ణయించేది కంప్యూటర్. థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, లివర్ ఎక్కడుంది, బండి ఎంత వేగంతో పోతోంది అన్నవి సెన్సర్లే దానికి చెప్పాలి. ఒక్క సెన్సర్ తప్పు చెప్పినా గేరు వేళకు పడదు. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది లివర్ పొజిషన్ సెన్సర్. ట్రాన్స్‌మిషన్ పక్కన బయటే బిగించి ఉంటుంది కాబట్టి వాన నీళ్లు, మురికి, వేడి అన్నీ దానికే తగులుతాయి. ఓవర్‌డ్రైవ్ అంటే నాలుగో గేరు. 'ఓవర్‌డ్రైవ్ ఆఫ్' లైటు దానంతట అదే ఆరుతూ వెలుగుతూ ఉంటే బల్బు చెడిందనుకుని వదిలేస్తారు. నిజానికి కంప్యూటర్‌లో ఫాల్ట్ కోడ్ నమోదైందని అది చెబుతోంది. ముందు ఆ కోడ్ చదివించండి.

ఇంకో గుర్తు కూడా ఉంది. గేర్లు మార్చే సోలినాయిడ్లకు (కరెంటుతో పనిచేసే వాల్వులకు) కరెంటు అందకపోతే ఈ గేర్‌బాక్సు 'డీ'లో నేరుగా నాలుగో గేరుతోనే బయల్దేరుతుంది, లోపల ఆయిల్ ప్రెషర్ మాత్రం గరిష్ఠంగా ఉంటుంది. అందుకే లివర్ వేయగానే దబ్బున తగులుతుంది, బండి మాత్రం ఈడ్చుకుంటూ కదులుతుంది. లివర్‌ను 2లో పెడితే బాగా లాగిందా? అయితే చూడాల్సింది ఫ్యూజులు, కనెక్టర్, ఎర్త్ వైరు. ఇవేవీ చూడకుండా గేర్‌బాక్సు దింపి విప్పడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. తవ్వకం కూలి మాత్రం వేల డాలర్లు.

అన్నట్టు, ఎత్తు ఎక్కేటప్పుడు బండి వణికితే అదీ ట్రాన్స్‌మిషన్ మీదకే తోసేస్తారు. పాత స్పార్క్ ప్లగ్ వైర్ల వల్ల ఇంజిన్ మిస్ అయినా అచ్చం అలాగే వణుకుతుంది.

అపోహ: కింద చుక్క కూడా కారడం లేదు, కాబట్టి ఆయిల్ తగ్గే ప్రశ్నే లేదు.

టర్బో 400 ఉన్నవాళ్లు ఇది బాగా గుర్తుంచుకోవాలి. దీని పక్కన, ఇంజిన్ మీది భారాన్ని బట్టి గేర్ల మార్పును సర్దే వాక్యూమ్ మాడ్యులేటర్ అని చిన్న డబ్బా ఉంటుంది. ఇంజిన్ నుంచి ఒక గొట్టం దానికి వస్తుంది. లోపలి పొర చిరిగితే ఇంజిన్ ఆ గొట్టం గుండా ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ను పీల్చి కాల్చేస్తుంది. నేల మీద మరక ఉండదు, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది, గేర్లు ఆలస్యంగా, మొరటుగా పడతాయి. పొగ చూసి ఇంజిన్ పోయిందని, గేర్లు చూసి ట్రాన్స్‌మిషన్ పోయిందని రెండింటికీ బిల్లు రాసేవాళ్లున్నారు. మాడ్యులేటర్ దగ్గర గొట్టం ఊడదీసి చూడండి. అందులో ఆయిల్ కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ భాగం ఖరీదు చాలా తక్కువ, మార్చడానికి గేర్‌బాక్సు దించక్కర్లేదు.

అపోహ: ఇంజిన్ ఆయిల్‌లాగే బండి ఆపి డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) చూస్తే చాలు.

చాలదు. బండి చదునైన చోట ఉండాలి, ఆయిల్ వేడెక్కి ఉండాలి, ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండాలి. బ్రేకు తొక్కిపట్టి లివర్‌ను అన్ని గేర్లలోకీ తిప్పాక చూడాలి. ఫోర్డ్, జీఎం అయితే 'పార్క్'లో, 70ల నాటి డాడ్జ్ ఛాసీలోని టార్క్‌ఫ్లైట్ 727 అయితే 'న్యూట్రల్'లో. తక్కువైందని ఎక్కువ పోయకండి. తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, అప్పుడు కూడా గేర్లు జారతాయి.

అపోహ: పాత ట్రాన్స్‌మిషన్‌లో ఆయిల్ మారిస్తే అది చచ్చిపోతుంది.

గేర్లు జారడం మొదలయ్యాక, ఇక దిక్కులేక ఆయిల్ మార్పిస్తారు. కొద్ది రోజులకు బండి ఆగిపోతుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. క్లచ్ ప్లేట్లు అంతకుముందే కాలిపోయి ఉంటాయి, వాటిని ఏ ఆయిలూ బతికించదు. బాగా నడుస్తున్న దానికి పాన్ (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించి ఆయిల్, ఫిల్టర్ మార్చడం మంచిదే. ఇలా చేస్తే సగం ఆయిల్ కూడా బయటికి రాదు, మిగతాది చాలావరకు టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) ఉండిపోతుంది. కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ ఓసారి మార్చుకోవచ్చు. మెషిన్‌తో ఒత్తిడి పెట్టి కడగడం పాత వాటికి నేను చెయ్యను.

పాన్ దించినప్పుడు కంటితో చూడండి. అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు సహజం. లోహపు పెళ్లలు, మాడు వాసన సహజం కాదు. ఆయిల్ గులాబీ రంగు పాలలా కనిపిస్తే రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్ చిల్లుపడి నీళ్లు కలుస్తున్నాయని అర్థం. ఆ బండిని ఇక ఒక్క మైలు కూడా నడపొద్దు. ప్లేట్ల మీది లైనింగ్ జిగురును నీరు ఊడగొడుతుంది.

అపోహ: ఎత్తులో ఓవర్‌డ్రైవ్ తీసేస్తే ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పెరిగి గేర్‌బాక్సు దెబ్బతింటుంది.

తలకిందుల మాట. కాలిఫోర్నియాలో ఐ-5 హైవే మీద గ్రేప్‌వైన్ లాంటి 6 శాతం వాలులో ఓవర్‌డ్రైవ్ వదిలేస్తే గేరు మూడుకూ నాలుగుకూ మధ్య ఊగుతూ ఉంటుంది, ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ నేరుగా కలిపి పట్టే కన్వర్టర్ లాక్ విడిపోతుంది, ఆ జారుడంతా వేడిగా మారుతుంది. ఆయిల్ 175 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర హాయిగా ఉంటుంది. ఆపైన ప్రతి 20 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందని మా మెకానిక్‌ల ఉజ్జాయింపు లెక్క. ఆర్‌పీఎం పెరిగితే ఫ్యాన్, వాటర్ పంపు కూడా వేగంగా తిరిగి చల్లబరుస్తాయి. దిగేటప్పుడూ అదే చిన్న గేరు వాడండి, న్యూట్రల్ మాత్రం వద్దు.

అపోహ: సీసాలో అమ్మే మందు ఆయిల్‌లో పోస్తే సరిపోతుంది.

గట్టిపడిన సీళ్లు కాస్త మెత్తబడి చిన్న లీకు కొన్నాళ్లు ఆగవచ్చు. అంతకు మించి ఆశించకండి.

అన్నీ చూశాక రీబిల్డ్ (గేర్‌బాక్సు విప్పి కొత్త భాగాలు వేయడం) తప్పదని తేలితే షాపువాళ్లను ఒక ప్రశ్న అడగండి: కూలర్ మారుస్తారా, కనీసం దాన్నీ పైపుల్నీ కడుగుతారా? పాత లోహపు పొడి అందులోనే నిలిచి ఉంటుంది. అది తీయకపోతే ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రోజే కొత్త ప్లేట్ల మధ్యకు చేరుతుంది.