కనకపోయినా పాలు పడతాయి

పాడి ఉన్న ఇళ్లలో రెండు మాటలు వేరువేరుగా వాడతారు. గేదెకు పాలు పడటం ఒకటి, చేపడం ఒకటి. పొదుగులో పాలు తయారైతే పడ్డట్టు. దూడ మూతి తగిలాక అవి చన్నుల్లోకి దిగితే చేపినట్టు. మనుషుల్లోనూ ఇవి రెండు పనులే, రెండు హార్మోన్లే. పాలు పడేందుకు ప్రొలాక్టిన్, చేపేందుకు ఆక్సిటోసిన్. రెండూ మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి రక్తంలోకి వస్తాయి. ఆ గ్రంథికి కబురు పంపేవి చనుమొనలోని నరాలు. గర్భసంచికి ఇందులో నేరుగా పని లేదు. అందుకే ఒక్క కాన్పూ కాని స్త్రీ, గర్భసంచి తీసేసిన స్త్రీ కూడా దత్తత బిడ్డకు చనుబాలు ఇవ్వగలుగుతున్నారు.

అలాగని గర్భం చేసే మేలు చిన్నదేమీ కాదు. ఆ తొమ్మిది నెలలూ ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్లు కలిసి రొమ్ములో పాలగ్రంథులను గుత్తులు గుత్తులుగా పెంచుతాయి. ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉన్నంతకాలం పాలు ఆగి ఉంటాయి. మాయ పడగానే అది ఒక్కసారిగా తగ్గి, రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. అక్కడి నుంచి లెక్క మారిపోతుంది: ఎంత తీస్తే అంత. నిండి ఉన్న రొమ్ము తయారీని తగ్గించుకుంటుంది, ఖాళీ అయిన రొమ్ము పెంచుకుంటుంది. దత్తత తల్లి మొదటి అంకం లేకుండా ఈ రెండో అంకంతోనే మొదలుపెడుతుంది. గ్రంథులు అంతగా పెరగవు కాబట్టి చాలామందికి బిడ్డ అవసరంలో కొంత భాగమే వస్తుంది. ముర్రుపాలు రావు. ఇదివరకే కని, పాలిచ్చిన వాళ్లకు పని కొంత తేలిక. 3 కిలోల పసికందుకు కిలోకు 150 మి.లీ. చొప్పున రోజుకు 450 మి.లీ. పాలు కావాలి. అందులో పావు వంతు తల్లి నుంచి వచ్చినా మంచి ఫలితమే అనుకుని దిగాలి. మొత్తం రావాలని పంతం పట్టినవాళ్లే సగంలో వదిలేస్తారు.

ఈ విషయంలో ఎక్కువగా వినిపించే పద్ధతి కెనడాది. పిల్లల వైద్యుడు జాక్ న్యూమన్, లెనోర్ గోల్డ్‌ఫార్బ్ కలిసి రూపొందించారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ రకం మందు కలిసిన గర్భనిరోధక మాత్రలను ఆరు నెలల పాటు విరామం లేకుండా వాడి, శరీరానికి గర్భం వచ్చిందన్న భ్రమ కలిగిస్తారు. దాంతోపాటు ప్రొలాక్టిన్‌ను పెంచే డోంపెరిడోన్ ఇస్తారు. బిడ్డ రావడానికి ఆరు వారాల ముందు గర్భనిరోధక మాత్రలు ఆపేసి, డోంపెరిడోన్ కొనసాగిస్తూ పాలు తీసే పంపు వాడటం మొదలుపెడతారు. మాత్రలు ఆపడమంటే మాయ పడిపోవడమని శరీరం అర్థం చేసుకుంటుంది. తెలివైన ఏర్పాటే, కానీ బిడ్డ వచ్చే తేదీ ముందే తెలిసి ఉండాలి.

మన దగ్గర ఆ తేదీ తెలియదు. దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ కారాలో పేరు నమోదు చేసుకున్నవాళ్లు ఏళ్లు ఎదురుచూస్తారు. బిడ్డ వివరాలు వచ్చాక 48 గంటల్లో తేల్చుకోవాలి, ఆపైన చేతిలో మిగిలేవి వారాలే. పైగా కన్నవాళ్లు అప్పగించిన బిడ్డ విషయంలో వాళ్లు మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు ఇస్తుంది. అంటే శిశుగృహ నుంచి ఇంటికొచ్చే బిడ్డకు రెండు నెలలైనా దాటి ఉంటాయి, సీసా అలవాటై ఉంటుంది. తోడబుట్టినవాళ్ల బిడ్డను పెంచుకునే ఇళ్లలో మాత్రం కాన్పు తేదీ తెలుస్తుంది కాబట్టి ఆరు నెలల పద్ధతికి వీలుంది. అక్కడ ముర్రుపాలు కన్నతల్లే పట్టడం మేలు.

మందుల విషయంలో తొందర పనికిరాదు. డోంపెరిడోన్ వాంతుల మాత్ర. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు కూడా. కెనడా పద్ధతిలో మోతాదు మెల్లగా పెంచి రోజుకు 80 మిల్లీగ్రాముల దాకా తీసుకెళ్తారు. యూరప్ ఔషధ సంస్థ 2014లో వాంతులకు వాడేటప్పుడు రోజుకు 30 మిల్లీగ్రాములు దాటొద్దని పరిమితి పెట్టింది, కారణం గుండె లయ తప్పే ప్రమాదం. పాల కోసం దీన్ని వాడకూడదని అమెరికా ఔషధ సంస్థ 2004లోనే హెచ్చరించింది. కాబట్టి ముందు ఈసీజీ తీయించి, వైద్యులు రాసిస్తేనే వాడాలి. ఫ్లూకోనజోల్, ఎరిత్రోమైసిన్ లాంటి మందులతో కలిపి వాడకూడదు. అకస్మాత్తుగా మానేస్తే కొందరికి నిద్ర పట్టదు, ఆందోళన పెరుగుతుంది, అందుకే వారాల మీద తగ్గించుకుంటూ రావాలి. గర్భనిరోధక మాత్రలకూ షరతులున్నాయి: రక్తం గడ్డకట్టే జబ్బు, అదుపులో లేని బీపీ, కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే మైగ్రేన్ ఉన్నవాళ్లకు పనికిరావు. తల్లికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి పరీక్షలు కూడా ముందే చేయించాలి.

మందు లేకుండానూ పాలు పడతాయి. చనుమొనకు తరచుగా తగిలే స్పర్శే అసలు మందు. రోజుకు ఎనిమిది సార్లు, ఒక్కో వైపు 10 నుంచి 15 నిమిషాలు చేత్తోనో పంపుతోనో పిండాలి. అందులో ఒకసారి రాత్రి ఒంటిగంటకూ ఐదుకూ మధ్య ఉండాలి, ప్రొలాక్టిన్ అప్పుడు ఎక్కువ. మొదటి వారం ఐదేసి నిమిషాలతో మొదలుపెట్టకపోతే చనుమొనలు పగిలి అక్కడితో ఆగిపోతుంది. చేత్తో అయితే బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద, చనుమొనకు మూడు సెంటీమీటర్ల వెనక పెట్టి ముందు ఛాతీ వైపు నొక్కాలి, తర్వాత వేళ్లు దగ్గరికి తేవాలి, వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు. చుట్టూ చోటు మారుస్తూ పోవాలి.

పంపుతో వచ్చే తంటా చాలావరకు రొమ్ముకు ఆనించే గరాటు కొలతది. చనుమొన అడ్డుకొలత కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువుండాలి. పెట్టెలో వచ్చిన గరాటు చాలామందికి పెద్దదవుతుంది, అప్పుడు చుట్టూ ఉన్న నల్లని చర్మం కూడా లోపలికి లాగి వాస్తుంది. పీల్చే బలం పెంచితే పాలు పెరుగుతాయనుకోవడం ఇంకో పొరపాటు. నొప్పి పుడితే ఆక్సిటోసిన్ వెనక్కి తగ్గుతుంది, పాలు చేపవు. పది రోజులు ఏమీ రాకపోవచ్చు. తర్వాత గరాటు అంచున జిగురుగా, లేత పసుపు రంగులో ఒక చుక్క కనిపిస్తుంది. కొందరికి అది కనిపించడానికే నెల పడుతుంది.

బిడ్డ ఇల్లు చేరాక పంపు కన్నా మంచి సాధనం దొరికినట్టే, కానీ ఖాళీ రొమ్మును ఏ బిడ్డ చీకుతుంది? అందుకే గొట్టం. మెడికల్ షాపులో పసిపిల్లల ఫీడింగ్ ట్యూబ్ 5 లేదా 6 నంబరు అడిగితే ఇస్తారు. రంధ్రాలున్న కొసను పేపర్ టేపుతో రొమ్ముకు అంటించాలి, చివర చనుమొనతో సమంగా ఆగాలి. ముందుకు పొడుచుకొస్తే బిడ్డ స్ట్రాలా గొట్టాన్నే పీల్చుకుని రొమ్మును వదిలేస్తుంది. రెండో కొస పాలున్న గిన్నెలో మునిగి ఉండాలి. గిన్నె మొదట చనుమొన కన్నా 5 నుంచి 10 సెంటీమీటర్లు కింద, బిడ్డకు బలం వచ్చాక మెల్లగా 30 దాకా దించాలి. గిన్నె పైకి లేపితే పాలు వాటంతట అవే కారి బిడ్డకు పొలమారుతుంది. పూట తిండి ఐదు నిమిషాల్లో అయిపోతే ధార ఎక్కువైనట్టు, నలభై దాటితే తక్కువైనట్టు.

గిన్నెలోవి డబ్బా పాలైతే 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లలో, డబ్బా మీద రాసిన కొలతతోనే కలిపి చల్లార్చాలి. పల్చన చేస్తే బిడ్డ బరువు పెరగదు. ఉండలు మిగిలితే గొట్టం పూడుతుంది, కాబట్టి వడగట్టాలి. వాడిన వెంటనే సిరంజితో మొదట చల్లని నీళ్లు, తర్వాత వేడి సబ్బునీళ్లు కొట్టాలి. గోడకు జిడ్డు పట్టి మసకబారిన గొట్టాన్ని దాచుకోకుండా పారేయాలి, అంత ఖరీదైన వస్తువేమీ కాదు. గొట్టం కుదరనిచోట ఆసుపత్రుల్లో చేయించే ఉపాయం ఇంకా సులువు: బిడ్డ చీకుతుండగా ఇంట్లో మరొకరు చెంచాతోనో డ్రాపర్‌తోనో పాలు రొమ్ము మీద నుంచి బొట్లు బొట్లుగా జారవిడుస్తారు.

పై పాలు ఎప్పుడు తగ్గించాలి? కొలత బిడ్డ బరువే. వారానికి 125 గ్రాములకు తగ్గకుండా పెరుగుతూ, రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తుంటే రోజు మొత్తంలో 50 మి.లీ. తగ్గించి కొన్ని రోజులు చూడాలి. మళ్లీ తూచి, పెరుగుదల నిలబడితే ఇంకో 50. బరువు ఆగితే వెంటనే పాత కొలతకు రావాలి. "ఏడవడం లేదుగా" అన్నది లెక్కలోకి రాదు, తిండి చాలని పసిబిడ్డ నీరసించి ఎక్కువగా నిద్రపోతుంది.

అత్తగారో అమ్మమ్మో తెలగపిండి కూర, మునగాకు, పాల సొర, వెల్లుల్లి కారం వండి పెడతారు. తినొచ్చు, బలానికి మంచివే. మెంతులు మాత్రం చక్కెరను తగ్గిస్తాయి, షుగరు మందులు వాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. తినేవాటికన్నా తీసేవాటి లెక్కే పాలను నిర్ణయిస్తుంది, ఎన్ని గిన్నెలు తిన్నా రోజుకు మూడుసార్లు చీకితే పాలు పడవు.

కష్టమైన భాగం సీసాకు అలవాటైన నాలుగైదు నెలల బిడ్డ. రొమ్ము చూడగానే విల్లులా వెనక్కి వంగి ఏడుస్తుంది. బలవంతం చేసే కొద్దీ రొమ్మంటేనే గొడవ అని నేర్చుకుంటుంది. మంచి ఆకలి మీద కాకుండా సగం నిద్రలో ఉన్నప్పుడు అందించాలి. పగలంతా చొక్కా లేకుండా తల్లి ఛాతీ మీద పడుకోబెట్టాలి, సీసా తీసేసి ఉగ్గుగిన్నెతో పట్టాలి. చీకాలన్న కోరిక తీర్చేది అప్పుడు రొమ్మే అవుతుంది. దూడ చచ్చిన గేదె ముందు గడ్డి కూరిన దూడ తోలును నిలబెట్టి పితికేవారు, గేదె వాసన చూసి చేపేది. ఇక్కడ చేపు తల్లికే కాదు, బిడ్డకూ రావాలి. కొందరికి రెండు రోజులు చాలు, కొందరు మూడు వారాలు తీసుకుంటారు. ఆరు నెలలు దాటిన బిడ్డ అసలు పట్టకపోవచ్చు. అప్పుడు పిండిన పాలు ఎన్నున్నా ఉగ్గుగిన్నెలోనే పోసి పట్టడం, అన్నం మెతుకుల్లో కలిపి పెట్టడం మిగిలిన దారి.