వా, డిస్టార్షన్ కలిసి బాగా పలకాలంటే: అపోహలు – వాస్తవాలు

గిటార్ ధ్వనిని మార్చడానికి కాలితో ఆడించే వా పెడల్ చేసే పనిని నోటితోనే చేసి చూడొచ్చు. ఒకే శ్రుతి పట్టి "ఊ" దగ్గర మొదలుపెట్టి "ఓ", "ఆ" మీదుగా "ఏ" దాకా నెమ్మదిగా వెళ్లండి. శ్రుతి కదలదు, నోటి ఆకారమే మారుతుంది. పెడల్ మడమ వైపు ఉంటే "ఊ", వేళ్ల వైపు వాలితే "ఆ", "ఏ". సుమారు 400 హెర్ట్జ్ నుంచి 2,000 హెర్ట్జ్ దాకా జరిగే ఒక ఫిల్టర్ శిఖరం అది. డిస్టార్షన్ పెడల్ గిటార్ ధ్వని అలల తలలు కోసి, ఆ కోతలోంచి కొత్త హార్మోనిక్స్ (మూల స్వరానికి పైన పలికే స్వరాలు) పుట్టిస్తుంది. ఈ రెండు పనుల్లో ఏది ముందు జరిగిందో చెవికి వెంటనే తెలిసిపోతుంది.

అపోహ: వా ఎప్పుడూ డిస్టార్షన్‌కి ముందే ఉండాలి.

రెండు వరసలూ సరైనవే, పలికే తీరే వేరు. వా ముందుంటే, శిఖరం ఎత్తిన భాగమే ఎక్కువగా డిస్టార్ట్ అవుతుంది. డిస్టార్షన్ ఎత్తుపల్లాలను అణిచేస్తుంది కాబట్టి పెడల్ ఎక్కడున్నా వాల్యూమ్ దాదాపు ఒకేలా ఉంటుంది, మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ వాడిన వరస ఇదే: వా, ఆ తర్వాత ఫజ్ ఫేస్ (ఫజ్ అనే గరుకు రకం డిస్టార్షన్ ఇచ్చే పెడల్). లీడ్ వాయించేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలని మా సలహా.

వా వెనకుంటే, హార్మోనిక్స్‌తో నిండిన ధ్వని మొత్తం ఫిల్టర్ గుండా పోతుంది. కోయడానికి సరుకు ఎక్కువ దొరుకుతుంది కాబట్టి స్వీప్ (పెడల్ ఆడించినప్పుడు శిఖరం జరిగే తీరు) చాలా పదునుగా, సింథ్‌లా ఉంటుంది. కానీ వేళ్ల వైపు వాల్చినప్పుడు డిస్టార్షన్ బుసను కూడా అదే శిఖరం పైకి లేపుతుంది. వాల్యూమ్ కూడా ఎగిరిపడుతుంది. ఈ వరసలో గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) తగ్గించక తప్పదు.

డిస్టార్షన్ ఆంప్ ప్రీఆంప్‌లోంచి వస్తుంటే, వాను ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీఆంప్ తర్వాత పెడళ్లు కలిపే దారిలో) పెట్టడమంటే డిస్టార్షన్ వెనక పెట్టినట్టే. చాలా ఆంప్‌లలో లూప్ సిగ్నల్ గిటార్ కంటే బలంగా ఉంటుంది, అప్పుడు వా లోపలే చిరిగినట్టు పలుకుతుంది. లూప్‌కి లెవెల్ నాబ్ ఉంటే తగ్గించి చూడండి.

అపోహ: ఫజ్ వేయగానే వా స్వీప్ మాయమైతే, లేదా కీచుమంటే, వా పాడైనట్టు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రెండు పెడళ్లూ బాగానే ఉంటాయి, వాటి మధ్య పొత్తు కుదరదు. పాత తరహా వాలో అవుట్‌పుట్ మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్ వైపు నుంచి వస్తుంది, అక్కడ 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. ఫిల్టర్‌ను నడిపే ఫీడ్‌బ్యాక్ కూడా అక్కడి నుంచే బయల్దేరుతుంది. ఫజ్ ఫేస్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి అది చూపే నిరోధం) కొన్ని కిలో ఓమ్‌లే, అంటే సిగ్నల్‌ను ఎక్కువగా లాగేస్తుంది. ఆ బరువు మీద పడగానే ఫీడ్‌బ్యాక్ నీరసపడుతుంది, శిఖరం చదునవుతుంది, పెడల్ ఎంత తొక్కినా చిన్న మార్పే వినిపిస్తుంది. ట్యూబ్ స్క్రీమర్, రాట్, డీఎస్-1 లాంటి డిస్టార్షన్ పెడళ్ల ఇన్‌పుట్ ఇంపీడెన్స్ లక్షల ఓమ్‌లలో ఉంటుంది కాబట్టి వాటితో ఈ గొడవ రాదు.

సులువైన పరీక్ష: వాకీ ఫజ్‌కీ మధ్య బఫర్ (తర్వాతి పెడల్ బరువు ముందుదాని మీద పడకుండా ఆపే చిన్న సర్క్యూట్) ఉన్న ఏదైనా పెడల్ పెట్టి దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. బాస్ (Boss) కంపెనీ ట్యూనర్ పెడల్ చాలు. స్వీప్ తిరిగి వచ్చిందంటే కారణం ఇదే. అయితే దాన్ని అక్కడే వదిలేస్తే, వా ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా గిటార్‌కీ ఫజ్‌కీ మధ్య బఫర్ ఉండిపోతుంది. అప్పుడు ఫజ్ గీరినట్టు పదునెక్కుతుంది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే శుభ్రంగా పలకడమే ఫజ్ ఫేస్ అందం, అదీ పోతుంది.

అందుకే బఫర్‌ను వా లోపలే, బోర్డు అవుట్‌పుట్ తీగకీ స్విచ్‌కీ మధ్య పెట్టడం మేలు. ఒక జేఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్), ఉదాహరణకు 2ఎన్5457, గేట్‌కి 9 వోల్టులను సగం చేసే రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్లు, సోర్స్‌కి 10 కిలో ఓమ్, లోపలికి 0.1 మైక్రో ఫారడ్, బయటికి 1 మైక్రో ఫారడ్ కెపాసిటర్. ధ్వని మరీ పదునుగా ఉంటే బయటి కెపాసిటర్ తర్వాత 5 నుంచి 10 కిలో ఓమ్ వరసలో కలపండి. వా ఆన్‌లో ఉన్నప్పుడే బఫర్ దారిలోకి వస్తుంది.

అంత పని వద్దనుకుంటే, ఫజ్ ఇన్‌పుట్ దగ్గర 50 కిలో ఓమ్ ట్రిమ్మర్‌ను (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్‌ను) వరసలో పెట్టి, స్వీప్ మేలుకునేదాకా తిప్పండి. ఫజ్ గెయిన్ కొంత పోతుంది.

అపోహ: ట్రూ బైపాస్ చేయిస్తే అన్నీ సర్దుకుంటాయి.

పాత వాలలో ఆఫ్ చేసినా సర్క్యూట్ ఇన్‌పుట్ గిటార్‌కి తగులుకునే ఉంటుంది, హై ఎండ్ పోతుంది. ట్రూ బైపాస్, అంటే ఆఫ్‌లో సర్క్యూట్‌ను దారి నుంచి పూర్తిగా తప్పించే స్విచ్, దాన్నే నయం చేస్తుంది. ఫజ్‌తో గొడవ వా ఆన్‌లో ఉన్నప్పటిది, దానికి ఈ మార్పు ఏమీ చేయదు. పై బఫర్ పద్ధతికి మాత్రం ట్రూ బైపాస్ స్విచ్ తోడుంటే మేలు.

అపోహ: గెయిన్ పెంచేకొద్దీ వా బాగా మాట్లాడుతుంది.

జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. గెయిన్ మరీ ఎక్కువైతే "ఊ", "ఆ" రెండూ ఒకేలా నలిగిపోతాయి. ముందు వా ఆఫ్‌లో ఉంచి మీకు నచ్చిన డిస్టార్షన్ సెట్ చేయండి. తర్వాత వా ఆన్ చేసి, గెయిన్‌ను పావు వంతు తగ్గించండి. పెడల్‌ను పూర్తిగా వేళ్ల వైపు వాల్చి, చెవులు నొప్పిపుట్టకుండా ఉండేదాకా టోన్ నాబ్ తగ్గించండి. చివరగా మడమ వైపు తెచ్చి లావు తీగ మీద పవర్ కార్డ్ కొట్టండి. ముద్దగా ఉంటే ఆంప్ బేస్ తగ్గించండి. ఇంకా శిఖరం పదును కావాలంటే, ఇండక్టర్‌కి సమాంతరంగా ఉన్న 33 కిలో ఓమ్ రెసిస్టర్ బదులు 47 పెట్టొచ్చు. 100 దాకా పోతే డిస్టార్షన్‌తో ఈలలా గుచ్చుకుంటుంది, మేము సూచించం.

అపోహ: 9 వోల్టులైతే చాలు, అన్నీ ఒకే అడాప్టర్‌కి కలపొచ్చు.

పీఎన్‌పీ రకం జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న ఫజ్ చాలావరకు పాజిటివ్ గ్రౌండ్, అంటే సప్లై పాజిటివ్ కొస గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. దాన్ని మామూలు వాతో ఒకే డైసీ చైన్ (ఒక అడాప్టర్ నుంచి చాలా పెడళ్లకి వెళ్లే తీగ) మీద కలిపితే సప్లై షార్ట్ అవుతుంది. దానికి బ్యాటరీ గానీ, ఐసొలేటెడ్ (మిగతావాటితో కలవని) అవుట్‌పుట్ గానీ వాడండి.

అపోహ: తొక్కినప్పుడు గరగర వస్తే డిస్టార్షన్ పెడల్ లోపం.

గరగర వా పాట్‌ది (పెడల్ ఆడిస్తే తిరిగే రెసిస్టర్‌ది), డిస్టార్షన్ దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. అడుగు ప్లేట్ విప్పి, పాట్ లోపలికి కొద్దిగా కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పెడల్‌ను ముప్పై నలభై సార్లు ఆడించండి. తగ్గకపోతే పాట్ మార్చాల్సిందే. ప్లేట్ తీసి ఉన్నప్పుడే స్వీప్ కూడా సరిచేసుకోవచ్చు: పాట్ నట్ వదులు చేసి, పళ్లచక్రాన్ని పట్టీ నుంచి విడదీసి, ఒక పన్ను జరిపి మళ్లీ కలపండి. బిగించే ముందు పెడల్‌ను రెండు కొసలకీ నెమ్మదిగా తీసుకెళ్లి చూడండి. పెడల్ కొసకి చేరకముందే పాట్ ఆగిపోతుంటే ఆ పన్ను వెనక్కి జరపాలి, లేకపోతే చక్రం పళ్లు విరుగుతాయి.