కట్టుమానుకు కేటమరాన్ పేరు ఎలా వచ్చింది?

విశాఖ పెద జాలారిపేట ఒడ్డున ఇప్పుడు కనిపించేవి ఫైబర్ బోట్లు. అవి రాకముందు వేటంతా తెప్పల మీదే. తేలిక కర్ర దుంగలను చెక్కి, పక్కపక్కన పేర్చి, తాళ్లతో బిగిస్తే తెప్ప. అల మీద పడినా నీళ్లు సందుల్లోంచి దిగిపోతాయి కాబట్టి తోడిపోసే పని లేదు. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి దుంగలను ఆరబెట్టుకోవచ్చు. ఇంగ్లిష్‌లో కేటమరాన్ అన్నది మొదట ఇలాంటి దానికే. ఇప్పుడా పేరు చెబితే రెండు సన్నని పడవలను అడ్డకర్రలతో జోడించిన జంట పడవ గుర్తొస్తుంది.

మాట తమిళానిది: కట్టుమరం. అలాగని మనకు పరాయిదేం కాదు. ‘కట్టు’ మన దగ్గరా కట్టే. ‘మరం’ కథే కాస్త మెలికలు తిరిగింది. చెట్టుకు మూల ద్రావిడ రూపం ‘మరన్’ అని భాషావేత్తలు ఊహించారు. తమిళ మలయాళాల్లో అది మరం, కన్నడంలో మర. తెలుగులో మాత్రం మధ్యలో ఉన్న ‘ర’ ముందుకు జరిగి ‘మ’ను అంటుకుని మ్రాను అయింది. ఆ ‘ర’ కూడా రాలిపోయాక మిగిలింది మాను. తమిళంలో పళైయ అనేది మనకు ప్రాత, తర్వాత పాత అయిందీ ఈ దారినే. ఆ లెక్కన కట్టుమరం అంటే అచ్చంగా కట్టుమాను. మనవాళ్లకు ఆ పేరుతో పని పడలేదు, తెప్ప ఉండనే ఉంది. సింహాచలం అప్పన్నకు పుష్య అమావాస్యనాడు చేసేదీ తెప్పోత్సవమే.

మరి ఇంగ్లిష్‌వాళ్లు తెప్పను వదిలి కట్టుమరాన్ని పట్టుకోవడమేమిటి? వాళ్ల మకాం మద్రాసులో కాబట్టి అనుకుంటాను. 1690లో అక్కడి సెయింట్ జార్జి కోటకు వచ్చిన నావికుడు విలియం డాంపియర్, 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో కోరమాండల్ తీరపు కేటమరాన్లను వర్ణించాడు. ఒకటి రెండు దుంగలే, మనిషి కాళ్లు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయని రాశాడు.

ఆ తర్వాత మాట దారి తప్పింది. 1804లో బులోన్ రేవులో ఫ్రెంచి ఓడల మీదికి బ్రిటిష్ నౌకాదళం వదిలిన పేలుడు పెట్టెలనూ కేటమరాన్లే అన్నారు. జంట పడవల విద్య నిజానికి పసిఫిక్ దీవులవాళ్లది. 1876లో అమెరికాలో నతానియెల్ హెరెషాఫ్ అలాంటి పడవే కట్టి న్యూయార్క్ పోటీలో అందరినీ దాటేశాడు. ఓడినవాళ్లు గొడవ చేస్తే అతని గెలుపు చెల్లదన్నారు. కేటమరాన్ పేరు మాత్రం దుంగల తెప్పను వదిలి ఆ జంట పడవకే ఖాయమైంది.